ఇది నీ దగ్గర ఎందుకుంది? రాయ్‌పూర్ కుట్ర కేసు, 1942

చరిత్రలో చట్టాలు: ధారావాహిక

1942 జులై 14న వార్ధాలో కాంగ్రెస్ కార్యవర్గం బ్రిటిషువాళ్లు ఈ దేశం విడిచి వెళ్లాలని తీర్మానం చేసింది. బొంబాయి సభ, గాంధీ పిలుపు, అరెస్టుల తుపాను అన్నీ ఆగస్టులో సంగతి. మర్నాడు, అంటే జులై 15న, వార్ధాకి తూర్పున రైలు ప్రయాణమంత దూరంలో ఉన్న రాయ్‌పూర్‌లో పోలీసులు పరస్‌రామ్ సోనీ అనే యువకుణ్ణి పట్టుకున్నారు. అతని దగ్గర తూటాలు నింపిన రివాల్వర్ ఉంది. కబురు అందించింది పరాయివాడు కాదు, సొంత స్నేహితుడే.

సోదాలు మొదలయ్యాయి, ఒకరి పేరు వెంట ఒకరి పేరు బయటికొచ్చింది. ఆయుధాలు తయారు చేయడంలో చెయ్యి తిరిగిన గిరిలాల్, ఆయనతో పాటు మరికొందరు యువకులు. వాళ్లందరినీ కలిపి కట్టిన కేసును చరిత్ర పుస్తకాలు రాయ్‌పూర్ కుట్ర కేసు అంటాయి. ఛత్తీస్‌గఢ్‌లో పోటీ పరీక్షలు రాసే పిల్లలందరికీ ఈ పేరు కంఠతా వచ్చు. ఆ రాష్ట్రం దాటితే తెలిసినవాళ్లు తక్కువ.

వాళ్ల చేతుల్లో ఎవరూ చనిపోలేదు. ఏ వంతెనా కూలలేదు, ఏ ఖజానాకీ నష్టం రాలేదు. అయినా జైలు శిక్షలు ఏళ్లకు ఏళ్లు పడ్డాయి. జరిగిన నేరానికి శిక్ష వేయడం పాత న్యాయం. జరగబోతుందని అనుమానించి, చేతిలో ఉన్న వస్తువును బట్టి శిక్ష వేయడం వేరే రకం న్యాయం. ఈ రెండో రకం ఎక్కణ్ణుంచి వచ్చిందో, రాయ్‌పూర్ దాకా ఎలా నడిచిందో ఈ భాగంలో చూద్దాం.

*

వెతకాల్సింది బర్మింగ్‌హామ్‌లో, 1883లో. ఆల్ఫ్రెడ్ నోబెల్ డైనమైట్‌కి పేటెంట్ తీసుకున్నది 1867లో. గనులకూ సొరంగాలకూ అది వరమైంది. పదిహేనేళ్లు తిరిగేసరికి ఐర్లండ్ స్వాతంత్ర్యం కోరే ఫీనియన్లు దాన్ని లండన్ వీధుల్లోకి తెచ్చారు. బర్మింగ్‌హామ్‌లో లెడ్సమ్ స్ట్రీట్‌లో వైట్‌హెడ్ అనే పేరుతో ఒకాయన రంగుల దుకాణం పెట్టాడు. రంగులమ్ముకునేవాడు స్వచ్ఛమైన గ్లిజరిన్ అంత పెద్ద మొత్తంలో ఎందుకు కొంటున్నాడని సరుకు అమ్మే చోట ఒక ఉద్యోగికి అనుమానం వచ్చింది. పోలీసులు చూస్తే వెనక గదిలో నైట్రోగ్లిజరిన్ తయారవుతోంది.

గ్లిజరిన్ కొనడం నేరం కాదు. ఆమ్లాలు కొనడమూ నేరం కాదు. అప్పటి చట్టాల ప్రకారం ప్రభుత్వం తప్పనిసరిగా నిరూపించవలసింది వీటిని ఎక్కడో వాడి ఎవరినో చంపే పన్నాగం. అది నిరూపించేసరికి పుణ్యకాలం కాస్తా దాటిపోవచ్చు. అందుకని ఏప్రిల్ 9న హోం మంత్రి విలియం హార్కోర్ట్ కామన్స్ సభలో బిల్లు పెట్టాడు. రెండు సభలూ అదే రోజు ఆమోదించాయి, మర్నాడు రాణి ముద్ర పడింది. బ్రిటిషు పార్లమెంటు చరిత్రలో ఇంత తొందరపడిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఆ తొందరలో పుట్టిన సెక్షన్ ఒకటి ఇప్పటికీ బతికి ఉంది. పేలుడు పదార్థం నీ దగ్గర ఉంది. ఉన్న పరిస్థితులు చూస్తే మంచి పనికి కాదేమో అని సహేతుకమైన అనుమానం వస్తోంది. అలాంటప్పుడు, న్యాయమైన పని కోసమే పెట్టుకున్నానని చూపించుకోవాల్సిన బాధ్యత నీదే. చూపించలేకపోయావా, నేరస్థుడివే. నేరం మోపినవాడే నిరూపించాలనే నియమం ఇక్కడ సగం దారిలో ఆగి, వెనక్కి తిరిగి నిందితుణ్ణి ప్రశ్న అడుగుతుంది.

*

ఇండియాలో అప్పటికే 1878 ఆయుధాల చట్టం ఉంది. వైస్రాయ్ లిట్టన్ తెచ్చిన ఆ చట్టం కింద భారతీయుడి దగ్గర తుపాకీ ఉండాలంటే లైసెన్సు కావాలి. 1884లో పేలుడు పదార్థాల చట్టం వచ్చింది. అది వ్యాపార నియంత్రణ కోసం: తయారీకి, నిల్వకి, రవాణాకి, అమ్మకానికి లైసెన్సులు. క్వారీవాళ్లకూ గనులవాళ్లకూ ఇప్పటికీ వర్తించేది అదే. మందుగుండు వ్యాపారం సక్రమంగా నడవాలన్నది దాని ఆలోచన తప్ప మనిషి మనసులో ఏముందో అడిగే ఆలోచన కాదు.

మనసులోకి చూసే చట్టం 1908లో వచ్చింది. ఏప్రిల్ 30న ముజఫర్‌పూర్‌లో ఖుదీరాం బోస్, ప్రఫుల్ల చాకీ మేజిస్ట్రేట్ కింగ్స్‌ఫోర్డ్ బండి అనుకుని వేరే బండి మీద బాంబు వేశారు. కెనడీ అనే న్యాయవాది భార్య, కూతురు చనిపోయారు. రెండు రోజుల తర్వాత కలకత్తా పోలీసులు మానిక్‌తల తోట మీద దాడి చేసి అరవింద ఘోష్ తమ్ముడు బారీంద్రతో సహా పలువుర్ని పట్టుకున్నారు. జూన్ 8న వైస్రాయ్ మింటో ప్రభుత్వం ఒకే రోజు రెండు చట్టాలు చేసింది. ఒకటి హింసను రెచ్చగొట్టే పత్రికల మీద, రెండోది పేలుడు పదార్థాల చట్టం, 1908లో ఆరో నంబరు చట్టం.

చిన్న చట్టం. మొత్తం సెక్షన్లు ఏడు. ప్రాణానికో ఆస్తికో ప్రమాదం కలిగేలా పేలిస్తే మూడో సెక్షన్ కింద యావజ్జీవ ద్వీపాంతర వాసం దాకా. పేల్చే ప్రయత్నానికి, ఆ ఉద్దేశంతో తయారు చేసి దాచుకున్నందుకు నాలుగో సెక్షన్ కింద ఇరవై ఏళ్ల ద్వీపాంతరం, లేదా ఏడేళ్ల జైలు. అయిదోది బర్మింగ్‌హామ్ నుంచి ఓడెక్కి వచ్చినదే: అనుమానాస్పద పరిస్థితుల్లో దగ్గర పెట్టుకున్నందుకు పద్నాలుగేళ్ల ద్వీపాంతరం, లేదా అయిదేళ్ల జైలు.

దీని నిర్వచనం దగ్గర కాస్త ఆగాలి. పేలుడు పదార్థమంటే పేలే సరుకు ఒక్కటే కాదు. దాన్ని తయారు చేయడానికి పనికొచ్చే ముడి సరుకూ అందులోకి వస్తుంది. పేలుడుకి వాడే, వాడాలనుకున్న పరికరం, యంత్రం, పనిముట్టు, చివరికి వాటి విడిభాగమూ వస్తాయి. ఔషధాల దుకాణంలో, బళ్లో రసాయనశాల బీరువాలో, లోహాలు కరిగించేవాడి కొట్టంలో మామూలుగా కనబడే వస్తువులు ఈ నిర్వచనంలో పడతాయి. సరుకు అదే, మనిషి మారితే నేరం. ఉపాధ్యాయుడి దగ్గర ఉంటే పాఠం, ఇరవై ఏళ్ల కుర్రాడి పెట్టెలో ఉంటే అయిదో సెక్షన్.

*

ఈ చట్టం మీద మొదటి పెద్ద విమర్శ పుణే నుంచి వచ్చింది. చట్టం వచ్చిన మర్నాడే, జూన్ 9న, బాలగంగాధర తిలక్ నడిపే కేసరి పత్రికలో వ్యాసం పడింది. తుపాకులను లాక్కోవచ్చు, బాంబును లాక్కోలేరు, అది ఇనుప సామాను కంటే ఎక్కువగా ఒక జ్ఞానం అన్నది అందులోని వాదం. జ్ఞానాన్ని చట్టంతో నిరాయుధం చేయలేమని, ప్రజలకు హక్కులు ఇవ్వడమే అసలు మందని రాశారు. జూన్ 24న తిలక్‌ను రాజద్రోహం కింద అరెస్టు చేశారు.

ఆయన ఇంట్లో సోదా చేసిన పోలీసులకు ఒక కార్డు ముక్క దొరికింది. దాని మీద పేలుడు పదార్థాల గురించిన రెండు ఇంగ్లీషు పుస్తకాల పేర్లు రాసి ఉన్నాయి. ప్రాసిక్యూషన్‌కి పండగే. ఈ పేర్లు నీ దగ్గర ఎందుకున్నాయి? తిలక్ జవాబు సూటిగా ఉంది: ప్రభుత్వం కొత్త చట్టంలో పేలుడు పదార్థానికి ఇచ్చిన నిర్వచనాన్ని విమర్శించాలంటే విషయం తెలియాలి కదా, చదువుదామనుకున్నాను. పుస్తకాలు కూడా కావు, పేర్లే. ఆ పేర్లకు కూడా సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. ఇరవై గంటలకు పైగా ఆయన తన వాదన తానే వినిపించుకున్నాడు. జ్యూరీలో ఏడుగురు దోషి అన్నారు, ఇద్దరు కాదన్నారు. జులై 22న ఆరేళ్ల ద్వీపాంతర శిక్ష పడింది, మాండలే జైలుకు పంపారు.

అక్కణ్ణుంచి కథ రాయ్‌పూర్ వైపు తిరుగుతుంది. నాగపూర్‌లో కేసరికి హిందీ రూపంగా హిందీ కేసరి వచ్చేది. దాని సంపాదకుడు మాధవరావ్ సప్రే. 1900లోనే పేండ్రా నుంచి ఛత్తీస్‌గఢ్ మిత్ర అనే పత్రిక తెచ్చిన మనిషి. కేసరి వ్యాసాల ధోరణిలోనే హిందీ కేసరీ రాసింది. ఆగస్టులో సప్రేను అరెస్టు చేశారు. కుటుంబం, మిత్రులు వేసిన ఒత్తిడికి లొంగి క్షమాపణ రాసిచ్చి బయటికొచ్చాడు. ఆ క్షమాపణ ఆయన్ను లోపల తొలిచేసింది. రాయ్‌పూర్ చేరి చాలాకాలం వైరాగ్యంలో గడిపాడు. సమర్థ రామదాసు దాసబోధనూ, మాండలే జైల్లో తిలక్ రాసిన గీతారహస్యాన్నీ హిందీలోకి తెచ్చింది ఆ తర్వాతే. రాయ్‌పూర్‌లో ఆయన పేరుతో బడి ఉంది. ఆ ఊళ్లో బాంబు చట్టం మొదటి నీడ పడింది బాంబు మీద కాదు, ఒక సంపాదకుడి కలం మీద.

తెలుగునేల మీద కూడా అదే ఏడు బెజవాడ స్వరాజ్య పత్రిక నడిపిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు తిరునల్వేలి కాల్పుల మీద రాసినందుకు జైలుకు వెళ్లాడు. మరుసటి ఏడాది, 1909లో, తెనాలి పక్కన కఠెవరంలో బాంబు పేలి ఒక పేదవాడు ప్రాణం పోగొట్టుకున్నాడు. చరిత్రలో అది తెనాలి బాంబు కేసు. 1933లో కాకినాడ వంతు వచ్చింది. సత్యాగ్రహులను చితకబాదించిన పోలీసు అధికారి ముస్తఫా అలీ ఖాన్ కోసం ఉద్దేశించిన బాంబు అనుకోని చోట పేలింది. ప్రతివాది భయంకరాచారి ఆ కేసులో అండమాన్ దాకా వెళ్లాడు. పేరులోనే భయంకరం ఉన్నవాణ్ణి చూసి దొరలేమనుకున్నారో!

ఇక్కడొక సంగతి గమనించాలి. ఈ కేసుల్లో దేనిలోనూ బాంబు అనుకున్న మనిషికి తగల్లేదు. ముజఫర్‌పూర్‌లో ఇద్దరు స్త్రీలు, కఠెవరంలో దారిన పోయేవాడు. చట్టం కఠినంగా ఉండాలనేవాళ్లకు అది బలమైన సాక్ష్యం. అది కాదనలేం.

*

మళ్లీ రాయ్‌పూర్ వద్దాం. 1942 నాటికి అది మధ్యపరగణాలు, బేరార్‌లో ఒక జిల్లా కేంద్రం, రాజధాని నాగపూర్. 1931లో విజయనగరం నుంచి రైలు మార్గం పూర్తవడంతో తెలుగువాళ్లకు బాగా దగ్గరైన ఊరు కూడా. బెంగాల్ నాగపూర్ రైల్వేలో పని చేసిన మన ఉత్తరాంధ్ర కుటుంబాల మూడో తరం, నాలుగో తరం ఇప్పటికీ ఆ రైల్వే కాలనీల్లో కనబడుతుంది.

ఊరికి తిరుగుబాటు కొత్త కాదు. కరవులో ధాన్యపు కొట్టు తెరిపించి పంచిన సోనాఖాన్ జమీందారు వీరనారాయణ సింగ్‌ను 1857 డిసెంబరు 10న ఇక్కడే చంపారు. ఆ మరుసటి నెల, 1858 జనవరి 18న హనుమాన్ సింగ్ అనే సిపాయి సార్జెంట్ మేజర్ సిడ్‌వెల్‌ను నరికి తిరుగుబాటు లేవదీశాడు. హనుమాన్ సింగ్ దొరకలేదు. దొరికిన పదిహేడుమందిని నాలుగు రోజుల్లో ఉరి తీశారు. 1930ల్లో గాంధీ మార్గమే ప్రధానం, పండిత్ రవిశంకర్ శుక్లా వంటివాళ్లు నాయకులు. పరస్‌రామ్ సోనీ తరానికి మాత్రం భగత్ సింగ్ ఎక్కువ దగ్గరివాడు. ఢిల్లీ అసెంబ్లీలో బాంబులు వేసినందుకు 1929 జూన్‌లో భగత్ సింగ్, బటుకేశ్వర్ దత్‌లకు యావజ్జీవ ద్వీపాంతరం విధించినప్పుడు హత్యాయత్నంతో పాటు ఈ 1908 చట్టంలోని మూడో సెక్షనూ వాడారు.

పరస్‌రామ్‌కు దారి చూపింది గిరిలాల్. రివాల్వర్ అంటే కొనేది, దొంగిలించేది అనుకునే రోజుల్లో గిరిలాల్ దాన్ని చేతులతో తయారు చేయగలడు. గొట్టం తొలవడం, స్ప్రింగు అమర్చడం, తూటా పట్టే అరలు సమానంగా తిప్పడం: ఇదంతా సన్నపు పని, చేతికీ కంటికీ శిక్షణ కావాలి. ఆ విద్య పరస్‌రామ్ నేర్చుకున్నాడు. మందుగుండు ప్రయోగాలూ సాగాయి. యువకుల బృందం పెరిగింది. భూపేంద్రనాథ్ ముఖర్జీ, సుధీర్ ముఖర్జీ, క్రాంతికుమార్ భారతీయ, దశరథ్ లాల్ చౌబే, దేవీకాంత్ ఝా, సురేంద్రనాథ్ దాస్. ఈ పేర్లలోనే రాయ్‌పూర్ ఎలాంటి ఊరో కనబడుతుంది: స్థానికులు, బెంగాలీలు, మైథిల బ్రాహ్మణులు, రైలు తెచ్చిన మనుషులు.

రహస్య బృందాలన్నిటికీ ఒకటే రోగం. మనిషిని చేర్చుకోకపోతే పని నడవదు, చేర్చుకుంటే రహస్యం నిలవదు. జులై 15న అదే జరిగింది. స్నేహితుడి మాట నమ్మి బయల్దేరిన పరస్‌రామ్ పోలీసుల చేతికి చిక్కాడు.

విచారణ ప్రత్యేక మేజిస్ట్రేట్ జె.డి. కేరావాలా ముందు జరిగింది. ఆయుధాల చట్టం, పేలుడు పదార్థాల చట్టం రెండింటి కిందా అభియోగాలు. బయట దేశం ఆగస్టు ఉద్యమంతో అట్టుడుకుతోంది, లోపల ఒక ఇనప ముక్క గొట్టమా కాదా, ఒక పొడి మందా కాదా అన్న సాక్ష్యాలు. తొమ్మిది నెలలు దాటింది. 1943 ఏప్రిల్ 27న తీర్పు. గిరిలాల్‌కు ఎనిమిదేళ్లు, పరస్‌రామ్‌కు ఏడేళ్లు, భూపేంద్రనాథ్‌కు మూడేళ్లు, క్రాంతికుమార్‌కీ సుధీర్ ముఖర్జీకీ రెండేసి ఏళ్లు, దశరథ్ లాల్, దేవీకాంత్, సురేంద్రనాథ్‌లకు ఏడాది చొప్పున.

అందరికంటే పెద్ద శిక్ష నాయకుడికి కాదు, పనివాడికి. న్యాయస్థానం దృష్టిలో ఆలోచించినవాడి కంటే చేయడం తెలిసినవాడు ప్రమాదకరం. తిలక్ 1908లో చెప్పిన వాదాన్ని ప్రభుత్వం కాదన్నట్టే కాదని, శిక్ష వేసేటప్పుడు మాత్రం ఒప్పుకుంది.

పరస్‌రామ్ పరిస్థితి తిలక్‌కు పూర్తిగా తిరగబడినది. పుస్తకాల పేర్లు ఎందుకున్నాయంటే తిలక్ కోర్టులో నిలబడి చెప్పగలిగాడు. ఇతను చెప్పగల నిజమైన జవాబు ఒక్కటే, ప్రభుత్వాన్ని పడగొట్టడానికి. ఆ జవాబు చెప్తే నాలుగో సెక్షన్, చెప్పకపోతే అయిదో సెక్షన్. న్యాయమైన ప్రయోజనం అన్నప్పుడు ఎవరి న్యాయం అని అడిగే వీలు ఆ చట్టంలో లేదు.

*

వీళ్లు జైల్లో ఉన్నప్పుడే అదే ఊళ్లో ఇంకో సంఘటన జరిగింది. ఆగస్టు ఉద్యమంలో నాయకులూ కార్యకర్తలూ జైళ్లకు చేరాక, బిలఖ్ నారాయణ్ అగ్రవాల్, ఈశ్వరీచరణ్ శుక్లా, నాగర్‌దాస్ బావరియా, జయనారాయణ్ పాండే, నారాయణ్‌దాస్ రాఠోడ్ వంటి యువకులు రాయ్‌పూర్ జైలు గోడను డైనమైట్‌తో పగలగొట్టి లోపలివాళ్లను విడిపించాలని చూశారు. అది నెరవేరలేదు. స్థానిక చరిత్రలో దీన్ని రాయ్‌పూర్ డైనమైట్ కాండ్ అంటారు.

అప్పట్లో డైనమైట్ మధ్యభారతంలో అరుదైన వస్తువేమీ కాదు. కొండలు తొలిచి రైలు మార్గాలు వేసిన ప్రాంతమిది, బొగ్గు, సున్నపురాయి, ఇనుము ఉన్న నేల. సరుకు కంపెనీ గోదాముల్లో ఉంది, లైసెన్సు కాగితాల మీద ఉంది. గోడ దగ్గరికి వచ్చేసరికే అది నేరమైంది. రివాల్వర్‌ను గిరిలాల్ చెయ్యి పుట్టించాల్సి వచ్చింది గానీ డైనమైట్‌ను ఎవరూ పుట్టించనక్కర్లేదు, దారి తప్పిస్తే చాలు. ఈ తేడా ముందు ముందు ఆ ప్రాంతానికి పెద్ద తలనొప్పి అయింది.

పరస్‌రామ్ సోనీ 1946 జూన్ 26న విడుదలయ్యాడు. మరో ఏడాదికి దొరలు వెళ్లారు. చట్టం వెళ్లలేదు.

*

స్వతంత్ర భారతం ఈ చట్టంలో మార్చింది కొంచెమే. ద్వీపాంతరం పోయి యావజ్జీవ కారాగారం వచ్చింది. న్యాయస్థానాలు మాత్రం అయిదో సెక్షన్‌కు కొన్ని గట్లు కట్టాయి. 1981లో మహారాష్ట్ర నుంచి వచ్చిన అప్పీలులో సుప్రీంకోర్టు వరస స్పష్టం చేసింది. మొదట ప్రాసిక్యూషన్ మూడు సంగతులు నిరూపించాలి: దొరికింది పేలుడు పదార్థమేనని, నిందితుడు దాన్ని తయారు చేశాడనో తెలిసే దగ్గర పెట్టుకున్నాడనో, పరిస్థితులు సహేతుకమైన అనుమానానికి తావిస్తున్నాయని. ఈ మూడూ తేలాకే సంజాయిషీ భారం అవతలి పక్షానికి వెళ్తుంది. తెలిసి అనే మాట ఇక్కడ ప్రాణం. ఎవరో మన ఇంటి చూరులో దోపిన మూట మన స్వాధీనం అనిపించుకోదు.

ఇంకో అడ్డుగోడ ఏడో సెక్షన్. ప్రభుత్వ అనుమతి లేనిదే ఈ కేసు విచారణకు వెళ్లకూడదు. 1908లోనే పెట్టిన నిబంధన అది. 2001 సవరణతో ఆ అధికారం జిల్లా మేజిస్ట్రేట్‌కు, అంటే కలెక్టర్‌కు వచ్చింది. పోలీసులు అన్నీ సరిగా చేసి ఈ అనుమతి కాగితం మర్చిపోయిన చోట్ల కేసులు కూలిన ఉదాహరణలు న్యాయవాదులందరికీ తెలుసు.

అదే సవరణ శిక్షలూ పెంచింది. ఆర్‌డీఎక్స్, పీఈటీఎన్, హెచ్‌ఎంఎక్స్, టీఎన్‌టీ లాంటివాటిని ప్రత్యేక కోవలో చేర్చింది. మామూలు పేలుడు పదార్థం అనుమానాస్పదంగా దగ్గరుంటే పదేళ్ల దాకా, ప్రత్యేక కోవ అయితే యావజ్జీవం దాకా. హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో 2013 ఫిబ్రవరి 21న 18 మందిని చంపిన జంట పేలుళ్ల కేసులో 2016 డిసెంబరులో ప్రత్యేక కోర్టు ఐదుగురికి మరణశిక్ష వేసినప్పుడు చూసిన చట్టాల్లో ఇదీ ఒకటి. తెలంగాణ హైకోర్టు 2025 ఏప్రిల్‌లో ఆ శిక్షను సమర్థించింది.

రాయలసీమ పోలీసు స్టేషన్లలో ఈ చట్టానికి పరిచయం అక్కర్లేదు. ఫ్యాక్షన్ రోజుల్లో నాటు బాంబులు దొరికినప్పుడల్లా మూడు, నాలుగు, అయిదు సెక్షన్లు వరసగా ఎఫ్‌ఐఆర్‌లోకి ఎక్కేవి. పట్టుబడ్డవాళ్ల సంజాయిషీల్లో తరచూ వినబడే మాట, అడవి పందుల కోసం పెట్టుకున్నామని. పంటను పందులు పాడు చేస్తున్నాయన్నది నిజమే కావచ్చు. కానీ అనుమతి లేకుండా అడవి జంతువును బాంబుతో చంపడం వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇంకో నేరం. ఒక నేరం నుంచి తప్పించుకోవడానికి ఇంకో నేరం ఒప్పుకోవడం కోర్టులో న్యాయమైన ప్రయోజనం అనిపించుకోదు.

*

2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడి రాయ్‌పూర్ రాజధాని అయింది. ఆ రాజధాని చుట్టూ సిమెంటు కర్మాగారాలు, వాటికి సున్నపురాయి గనులు. ఉత్తరాన కోర్బా బొగ్గు, దక్షిణాన బైలదిల్లా ఇనప ఖనిజం, అది రైలెక్కి మన విశాఖపట్నం రేవుకు వస్తుంది. ఇదంతా రోజూ పేలుళ్లతో నడిచే సంపద. గని మ్యాగజైన్ (పేలుడు మందు దాచే గోదాము) నుంచి మందు తీసేటప్పుడు రాయాలి, మిగిలితే తిరిగి అప్పజెప్పి రాయాలి, బ్లాస్టర్‌కు యోగ్యతాపత్రం ఉండాలి, వ్యాన్‌కు లైసెన్సు ఉండాలి. వీటన్నిటికీ పైన నాగపూర్‌లో కేంద్ర కార్యాలయం పెట్టుకున్న పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ ఉంది.

అన్ని కాగితాలూ ఉన్నా మందు కాగితం మాట వినదు. 2006 ఫిబ్రవరిలో మావోయిస్టులు బైలదిల్లా దగ్గర హిరోలిలో ప్రభుత్వ గనుల సంస్థ ఎన్‌ఎండీసీ మ్యాగజైన్ మీద దాడి చేసి, కాపలా ఉన్న సీఐఎస్‌ఎఫ్ జవాన్లను ఎనిమిదిమందిని చంపి, టన్నుల కొద్దీ పేలుడు సామగ్రి ఎత్తుకుపోయారు. జైలు గోడ కోసం బిలఖ్ నారాయణ్ బృందం వెతికిన సరుకును వీళ్లు లారీల లెక్కన తీసుకెళ్లారు. రెండు కాలాల మధ్య ఉద్దేశాల్లో పోలిక పెట్టడం కోసం ఈ మాట చెప్పడం లేదు. చట్టం చూసే కోణంలో మాత్రం రెండూ ఒకే గళ్లో పడతాయి.

ఎరువుగానూ వాడే అమ్మోనియం నైట్రేట్ సంగతి ఇంకా చిక్కు. దాన్ని ఎవరైనా బస్తాల్లో కొనుక్కోగలిగే రోజుల్లో చట్టానికి దాన్ని పట్టుకునే చెయ్యి లేదు. 2011లో కేంద్రం 45 శాతం కంటే ఎక్కువ అమ్మోనియం నైట్రేట్ ఉన్న మిశ్రమాన్ని పేలుడు పదార్థంగా ప్రకటించింది, 2012లో దానికి విడిగా నియమాలు చేసింది. బర్మింగ్‌హామ్ గ్లిజరిన్ లాగే ఇదీ, అమ్మే కొట్టు దగ్గరే లెక్క అడిగే పద్ధతి.

దంతెవాడ జిల్లా అరన్‌పూర్‌లో 2023 ఏప్రిల్ 26న రోడ్డు కింద పెట్టిన మందుపాతర పదిమంది డీఆర్‌జీ (జిల్లా రిజర్వ్ గార్డ్) జవాన్లను, వాళ్ల వాహనం డ్రైవర్‌ను బలి తీసుకుంది. బీజాపూర్‌లో 2025 జనవరి 6న ఎనిమిదిమంది జవాన్లు, ఒక డ్రైవర్. ఇలాంటి ప్రతి సంఘటన తర్వాత బస్తర్ పల్లెల్లో సోదాలు, అరెస్టులు, ఎఫ్‌ఐఆర్‌లలో మళ్లీ అవే సెక్షన్లు. టిఫిన్ డబ్బా, తీగ చుట్ట, బ్యాటరీలు. నిజంగా మందుపాతర పెట్టినవాడు ఉంటాడు, ఇంట్లో తీగ దొరికినవాడూ ఉంటాడు. తెలిసి దగ్గర పెట్టుకున్నాడా అన్న ప్రశ్న దగ్గర ఈ ఇద్దర్నీ విడదీయాల్సింది కోర్టు. గోండి తప్ప వేరే భాష రాని మనిషి హిందీలో రాసిన పంచనామా కింద వేలిముద్ర వేసినప్పుడు ఆ విడదీత ఎంత కష్టమో జగదల్‌పూర్, దంతెవాడల్లో వాదించే న్యాయవాదులకు తెలుసు.

రాయ్‌పూర్ కుట్ర కేసులో ముద్దాయిలు తాము ఏం చేస్తున్నారో తెలిసి చేసినవాళ్లు. వాళ్ల తరఫున వాదించడానికి ఊళ్లో వకీళ్లు ముందుకొచ్చారు, కేసు గురించి జనం మాట్లాడుకున్నారు. అయిదో సెక్షన్ ఇప్పుడు ఎక్కువగా తగిలేది అలా పేరు నిలవని మనుషులకు.

(వచ్చే సంచికలో: హిరోలి దాడి తర్వాత గనుల మ్యాగజైన్ల కాపలా ఎలా మారింది, అమ్మోనియం నైట్రేట్ నియమాలకు విశాఖ రేవుతో ఉన్న సంబంధం ఏమిటి)